బూట్ల సంగతి

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు షుగర్ కాస్త అదుపులో ఉంది. గంగవ్వ బర్రె ఈనింది. పత్తి ఏరడానికి కూలీలు దొరకడం లేదు, బావే పొద్దంతా చేలో ఉంటున్నాడు. దసరా తర్వాత నీ ఫోన్ రాలేదు. డ్యూటీ ఎక్కువేమో అనుకున్నాం. ఇది దాని గురించి రాస్తున్న ఉత్తరం కాదు.

శ్రీను సౌదీ జుబైల్ నుంచి సెలవు మీద వచ్చాడు. మాటల్లో నువ్వు కుంటుతున్నావని అన్నాడు. నేను చూడగానే "ఏం లేదు పెద్దబాపూ" అని ఖర్జూరాల సంగతి ఎత్తుకున్నాడు. అమ్మకు చెప్పలేదు.

కాంక్రీటు పనిలో ఉన్నావట కదా. తడి సిమెంటు బూటులోకి జారితే అప్పటికప్పుడు మంట తెలియదు. గంటలు గడిచి, రూముకొచ్చి సాక్స్ తీసేసరికి చర్మం కాలిపోయి ఉంటుంది. సున్నం ఘాటు అది. పోత పని ఉన్న రోజు గమ్‌బూట్లే వేసుకో. ప్యాంటు లోపలికి దోపకు, బూటు మీదికి వదులు. లోపల పడిందా, షిఫ్ట్ అయ్యేదాకా ఆగకు. ఫోర్‌మన్ ఏమన్నా అననీ, బూటూ సాక్సూ విప్పేసి కాలి మీద చాలాసేపు నీళ్ళు ధారగా పోసుకో. ఇప్పటికే పుండు పడి ఉంటే పసుపు పెట్టుకుని కూర్చోకు, డాక్టర్‌కు చూపించు.

వదినవాళ్ళు మంచిర్యాలకు ఇల్లు మారారు. అద్దె ఎక్కువే, నీళ్ళు మాత్రం బాగున్నాయట.

శ్రీను ఇంకో మాట చెప్పాడు. కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లు బావకు తెస్తానని పెట్టెలో దాచావట. కొమురయ్య మామను మరిచావా? నువ్వు చిన్నవాడివి, నీకు సగమే తెలుసు. బొగ్గు బాయిలో ఒకసారి సపోర్టు దుంగ జారి ఆయన కాలి మీద పడింది. బూటు ముందున్న ఉక్కు క్యాప్ వేళ్ళను కాపాడింది. పైకి చిన్న గీత తప్ప ఏమీ లేదు. ఇక చూడు, ల్యాంప్ రూములో, టీ కొట్టులో, పెళ్ళిళ్ళలో కూడా అదే కథ. ఆ క్యాప్‌ను ఇరవై కిలోల బరువు దాదాపు మీటరు ఎత్తు నుంచి పడ్డా తట్టుకునేలా పరీక్ష చేస్తారు. కానీ ఒక్కసారి అంత దెబ్బ తిన్నాక దాన్ని నమ్మకూడదు, పారేయాలి. ఓవర్‌మన్ చెప్పాడు, నేను చెప్పాను, అత్తమ్మ తిట్టింది. కొత్త జత ఇస్తే మామ దాన్ని బామ్మర్దికిచ్చి, వాడు పొలానికి వేసుకుని తిరుగుతుంటే మురిసిపోయాడు. ఎండాకాలం రాకముందే బొగ్గు మోసే ఖాళీ టబ్బు చక్రం అదే కాలి మీదికి ఎక్కింది. ఆ క్యాప్ లోపలికి నొక్కుకుని రెండు వేళ్ళు పోయాయి. బామ్మర్ది ఆస్పత్రికి అవే బూట్లతో వచ్చాడు. అత్తమ్మ వాడిని గుమ్మంలోనే ఆపేసింది.

బావకు బూట్లు నేను కొనిస్తాను. పైగా ఆ నురగ సోలు వాడకుండా దాస్తే, సముద్రపు తేమకు కొన్నేళ్ళలో పెళుసై పొడిగా రాలిపోతుంది. ఎవరికీ పనికిరాదు.

నీకు నేర్పాలని కాదు గానీ, సిమెంటు గట్టిపడక ముందే తడి గుడ్డతో తుడిచేయ్. కిరోసిన్, థిన్నర్ తగలనివ్వకు. తడిసిన తోలు బూట్లను ఎండలో పెడితే తోలు బిర్రబిగిసి పగులుతుంది, సోలు అతుకు ఊడుతుంది. లోపలి అట్ట తీసి, పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టు. ఆరాకే పాలిష్. రెండు జతలుంటే రోజు విడిచి రోజు మార్చుకో. బూట్ల డబ్బు జీతంలో కోస్తామంటే ఒప్పుకోకు, అక్కడి చట్టం ప్రకారం కంపెనీయే ఉచితంగా ఇవ్వాలి.

శ్రీను తిరిగి వచ్చేటప్పుడు నూలు సాక్సులు, బ్రష్షు, అమ్మ పెట్టిన నిమ్మకాయ పచ్చడి పంపిస్తాను. పచ్చడి డబ్బా సాక్సులతో కలిపి పెట్టొద్దని వాడికి చెప్పాను. ఆదివారం వీడియో కాల్ చెయ్. మొహం ఒక్కటే చూపించి పెట్టేయకు, ఫోన్ కిందికి దించి రెండు పాదాలూ చూపించు. అప్పుడు అమ్మను గుడికి పంపిస్తాను.

మీ బాపు