అప్పులవాడికి నూరేళ్ల నాటి చట్టమేనా?

సంపాదకుడు గారికి,

అప్పుల బాధకు ఓ కుటుంబం బలైందన్న వార్త వచ్చినప్పుడల్లా లోన్ యాప్‌లనో, గిరిగిరి వడ్డీవాళ్లనో తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ ఇక తీర్చలేనని తేలిపోయిన మనిషికి చట్టం చూపిస్తున్న దారేమిటని మాత్రం ఎవరూ అడగరు. బ్యాంకు రికవరీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని, నేను అడుగుతున్నాను.

హైదరాబాద్‌లో మామూలు మనిషి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాలంటే ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేసుకోవచ్చట! దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు అధీనంలోకి పోతుంది. అప్పుల నుంచి విడుదల కావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకు హక్కు చెక్కుచెదరదు, చెక్ బౌన్స్ కేసూ ఆగదు. ఆస్తులు బావమరిది పేర రాసేసి ఐపీ పెట్టే ఘనులు మనకు కొత్త కాదు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి తెప్పించగలదు కూడా. అయినా ఆ ఘనుల పుణ్యమా అని, నిజంగా చితికిపోయినవాడూ ఐపీ అనగానే మోసగాళ్ల లెక్కలోకే పోతున్నాడు.

2016లో పార్లమెంటు కొత్త దివాలా స్మృతి చేసింది. కంపెనీలకు అమలైంది. కంపెనీ అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకు 2019 డిసెంబరు 1 నుంచి వర్తిస్తోంది. జీతగాడికి, కిరాణా కొట్టాయనకు మాత్రం ఇంకా కాగితాల్లోనే ఉంది. అందులో మంచి ఏర్పాటే ఉంది: ఓటేసిన రుణదాతల్లో అప్పు విలువను బట్టి నాలుగింట మూడొంతులకు మించి ఒప్పుకుంటే వాయిదాల పథకం ఖాయమవుతుంది. చిన్న అప్పులు పూర్తిగా రద్దయ్యే దారీ పెట్టారు. కానీ దానికి ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకూడదు, సొంతిల్లు ఉండకూడదు. అంటే నెల ఆదాయం ఐదు వేలు! ఈ నగరంలో ఏ వాచ్‌మన్‌కు వర్తిస్తుందది? కేంద్రం ముందు ఈ పరిమితులు పెంచి, ఆ తర్వాత అమలు తేదీ ప్రకటించాలి.

ఈలోగా జనానికి తెలియాల్సినవి ఉన్నాయి. వసూలు ఏజెంటు జైలంటూ బెదిరిస్తాడు. చేతిలో డబ్బు లేక కట్టలేనివాణ్ని సివిల్ జైల్లో (బాకీ కట్టనందుకు పెట్టే జైలు) పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు వద్దని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉచితంగా రాయొచ్చు. సెటిల్‌మెంట్‌కు, అంటే బాకీలో కొంత కట్టి అప్పు ముగించుకోవడానికి, ఒప్పుకునేవాళ్లు ఒకటి గమనించాలి: మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే కొత్త అప్పు పుట్టడం కష్టం. అయినా ఒక క్రెడిట్ కార్డు గీకి ఇంకో కార్డు బాకీ కట్టడం కన్నా అదే నయమని నా అభిప్రాయం.

సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థ అప్పులవాళ్ల కోసం వారానికో రోజు కేటాయించి, రుణదాతలందరినీ ఒకేసారి కూర్చోబెడితే బాగుంటుంది. బ్యాంకులు మాత్రం వడ్డీ తగ్గించే అధికారం ఉన్న మేనేజర్‌నే పంపాలి. పైవాళ్లను అడిగి చెప్తాననే కుర్రాణ్ని పంపితే లోక్ అదాలత్‌లోనైనా ఇంకో వాయిదా తప్ప ఏమీ తేలదు.

— ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట, హైదరాబాద్