తిరిగిరాని తొమ్మిదిమంది

హుసుం, జర్మనీ
ఫిబ్రవరి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరట నీకూ అమ్మానాన్నలకూ వందనాలు. నేను క్షేమం. చోడిపిండి అందిందని అమ్మకి చెప్పు. పొద్దున్నే అంబలి తాగి డ్యూటీకి వెళుతున్నాను, ఈ చలికి అదే నాకు బలం.

నిన్ను బిస్సం కటక్ అవతల కొండమీది సంఘానికి పంపుతున్నారని నాన్న చెప్పగానే సంతోషంతో ఏడుపొచ్చేసింది. తర్వాత నువ్వు పంపిన పనుల పట్టీ చూశాను. ఏడాదికి ఇన్ని బాప్తిస్మాలు, వారానికి ఇన్ని కూడికలు, మందిరానికి స్లాబు ఎప్పుడు వేయాలి, అన్నీ రాశావు. ఆ ఊళ్ళో ఉన్న మనుషుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇది ఫోనులో చెబితే ఇద్దరం గట్టిగా మాట్లాడేసుకుంటాం. అందుకే కాగితం తీశాను.

నేనున్న హుసుంకి దగ్గర్లోనే బ్రెక్లుం అనే చిన్న ఊరుంది. 1876లో యెన్సెన్ అనే పాస్టరుగారు అక్కడ మిషన్ మొదలుపెట్టారు. 1882లో అక్కణ్ణుంచే ఇద్దరు కుర్రాళ్ళు మన ఒడిశాలోని కోరాపుట్ కొండలకి బయల్దేరారు. మన జయపురం లూథరన్ సంఘానికి పునాది అది. ఓ ఆదివారం వెళ్ళి చూశాను. గాలీ, పచ్చికా, ఆవులూ. అంత చల్లటి ఊరి నుంచి మన్యం జ్వరాల్లోకి వెళ్ళారు! వాళ్ళు చేసిన ప్రసంగాలు మన ఇంట్లో ఎవరికీ తెలియవు. కానీ 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ బిస్సం కటక్‌లో పెట్టిన ఆసుపత్రి గురించి అమ్మమ్మ చచ్చేదాకా చెప్పేది. అమ్మమ్మని అక్కడ మలేరియాతో చేర్చినప్పుడు నేను చిన్నపిల్లని, రాయగడ నుంచి రైల్లో వెళ్ళాం. పక్క మంచం మీద కొండల్లో ఉండే కొంధు తెగ ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఎవరేం అడిగినా మొహం గోడవైపు తిప్పేసుకునేది. రాత్రి డ్యూటీ నర్సు వచ్చి, చీటీ చూడకముందే మంచం అంచున కూర్చుని వాళ్ళ కువి భాషలో ఏదో అడిగింది. ముసలమ్మ ఇటు తిరిగింది. ఏమడిగిందని అమ్మ వాకబు చేస్తే, 'ఇంట్లో మేకల్ని ఎవరు చూస్తున్నారు' అని అడిగిందట. నేను నర్సునవ్వాలని అనుకున్నది ఆ రాత్రే.

సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రికి నాతో ఒకసారి వచ్చావు, గుర్తుందా? కుష్ఠు వచ్చినవాళ్ళ పాదాలకి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు, పుండు పడ్డాక చూసుకుంటారు. మందుకి రోగం పోతుంది, ఆరు నెలలో ఏడాదో వాడాలి, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. కానీ పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అందుకని రోజూ పాదాలు నీళ్ళలో నానబెట్టాలి, గట్టిపడిన చర్మం మెల్లగా గీకాలి, తడి ఆరకముందే నూనె రాయాలి. బతికినన్నాళ్ళూ అదే పని. ఇక్కడ నేను చూసుకునే ఓ పెద్దాయనకి షుగరు వల్ల పాదాలు మొద్దుబారాయి. ఆయనకీ రోజూ కాళ్ళు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, ఎక్కడైనా ఎర్రబడిందేమో వెతుకుతాను. తనకి దేవుడి మీద నమ్మకం లేదని మొదటిరోజే చెప్పారు. నేను సరేనన్నాను. ఆయన పాదాలు కడగడం నా పరిచర్య కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

లూకా సువార్త పదిహేడో అధ్యాయం మళ్ళీ చదువు. పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి కరుణించమని యేసుప్రభువుకి కేకవేశారు. పదిమందీ బాగుపడ్డారు. తిరిగొచ్చి ఆయన కాళ్ళమీద పడ్డది ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడే. మిగతా తొమ్మిదిమంది ఎక్కడని ప్రభువు అడిగాడు, అంటే ఆయన మనసుకి తగిలే ఉంటుంది. అయినా వాళ్ళకిచ్చిన ఆరోగ్యం వెనక్కి తీసుకోలేదు కదా! సంఘాల్లో ఆ ఒక్కడి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. నువ్వు ఆ తొమ్మిదిమంది కోసం కూడా కొండెక్కాలి. ఆశచూపి మతం మార్చకూడదని మన ఒడిశాలో 1967 నుంచీ చట్టం ఉంది. అది లేకపోయినా మనం చేసే సాయం గాలానికి గుచ్చిన ఎర కాకూడదు. ఆకలిగా ఉన్నవాడికి అది ఇట్టే తెలిసిపోతుంది.

వాక్యం చెప్పొద్దని కాదురా. మార్కు ఆరో అధ్యాయంలో జనాన్ని చూసి కనికరపడి ఆయన మొదట బోధించాడు, పొద్దు వాలాక అన్నమూ పెట్టాడు. పంపించెయ్యమన్నది శిష్యులు.

మన బారిపదలో కుష్ఠరోగుల కోసం పనిచేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకుల్నీ 1999 జనవరిలో సజీవంగా కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్ గారు ఆ చంపినవాళ్ళని క్షమించి, ఆ రోగుల దగ్గరే మరికొన్నేళ్ళు ఉండిపోయారు. ఆవిడ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు నోట మాట రాదు.

వెళ్ళగానే కువి నేర్చుకో, ఒడియాతో సరిపెట్టుకోకు. ఊళ్ళో ఆరోగ్యం సంగతులు చూసే ఆశా దీదీని కలిసి, ఎవరికి దగ్గు తగ్గట్లేదో, ఎవరి ఒంటిమీద స్పర్శలేని మచ్చలున్నాయో అడుగు. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు. కాస్త బాగవగానే చాలామంది మానేస్తారు. అలాంటి ఇంటికి నువ్వు వారానికోసారైనా వెళ్ళి కూర్చో. చావు జరిగితే మన సంఘం ఇల్లా కాదా అని చూడకుండా వెళ్ళు. ఒక్కగానొక్క కొడుకుని పోగొట్టుకున్న నాయీను ఊరి విధవరాలు ప్రభువుని ఏమీ అడగలేదు, ఆయనే పాడె దగ్గరికి నడిచాడు. సోమవారం మాత్రం విశ్రాంతి తీసుకో, నాన్నలా ఒళ్ళు పాడుచేసుకోకు.

ఈ నెల కొంచెం ఎక్కువ పంపుతున్నాను. సగం అమ్మకివ్వు. మిగతాది టీబీ మందు వాడుతున్నవాళ్ళకి గుడ్లు కొనడానికి. స్లాబుకి ఈస్టర్ తర్వాత విడిగా పంపుతాను, ఇందులోంచి తియ్యకు. ఆ గుడ్లు తిన్నవాళ్ళని ఆదివారం మందిరానికి రాలేదేమని అడగకు.

ప్రార్థనలతో,
నీ అప్ప