సూర్యుడి మంటలు ఎక్కడ పడితే అక్కడ లేవవు

సంపాదకుడు గారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. దాళ్వా కోతల హడావిడిలో ఆలస్యమైంది. సూర్యుడి మీద ఎక్కడ పడితే అక్కడ మంటలు లేస్తున్నాయని, అందుకే కోనసీమలో ఎండలు ముదిరాయని రాశారు. రెండూ తప్పే.

పెద్ద సౌర జ్వాలలు లేచేది సూర్యుడి మచ్చల దగ్గర, అయస్కాంత క్షేత్రాలు మెలికపడిన చోట. ఆ మచ్చలు సూర్యుడి మధ్యరేఖకు అటూ ఇటూ రెండు పట్టీల్లో ఉంటాయి, ధ్రువాల దగ్గర రావు. మచ్చలు పెరిగి తగ్గే సుమారు 11 ఏళ్ల చక్రం మొదట్లో 30 డిగ్రీల అక్షాంశం ప్రాంతంలో కనబడి, ఏళ్లు గడిచేకొద్దీ మధ్యరేఖ వైపు జరుగుతాయి. 1904లో ఖగోళ శాస్త్రజ్ఞులైన మాండర్ దంపతులు దీన్ని గ్రాఫు గీస్తే సీతాకోకచిలుక రెక్కల్లా వచ్చింది. 2017 సెప్టెంబరు 6 నాటి భారీ జ్వాల చక్రం చివర్లో వచ్చింది. అది లేచింది మధ్యరేఖకు 9 డిగ్రీల దూరంలోనే.

ఎండల మాటకొస్తే, జ్వాలల వల్ల ఎండలు ముదరవు, వాటి దెబ్బ తగిలేది షార్ట్‌వేవ్ రేడియోకి, జీపీఎస్‌కి. సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్లకి చెప్పాల్సిన ఆ సంగతి వదిలేసి రోహిణి కార్తెతో ముడిపెట్టారు.

నేను సైన్సు మాస్టారుగా చేసినవాణ్ణి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు కాబట్టి, మా బడి డాబా మీద టెలిస్కోపు వెనక తెల్ల అట్ట పెట్టేవాళ్లం. దాని మీద అరచేయంత బింబం, అందులో ఆవగింజంత మచ్చ. పెన్సిలుతో గుర్తు పెట్టేలోపే బింబం అట్ట మీంచి జారిపోయేది. 2011లో గీసిన కాగితాలు, 2016లో గీసినవి పక్కపక్కన పెడితే మచ్చలు మధ్యరేఖకి దగ్గరపడ్డాయని ఏడో తరగతి పిల్లలే కనిపెట్టారు.

ఇప్పుడా టెలిస్కోపు గదికి తాళం. స్టాకు రిజిస్టరులో ఉంది కాబట్టి బయటికి తీయకూడదట, పాడైతే ఎవరు బాధ్యులని అడుగుతున్నారు. ఇక్కడి చెమ్మకి లెన్సు బూజు పడితే మాత్రం ఎవరూ అడగరు. 1868 గ్రహణాన్ని చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు దాకా వచ్చాడు. 2023లో సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌక లేచింది మన శ్రీహరికోట నుంచే. మన పిల్లలకి మాత్రం ఒక్క మచ్చ చూసే భాగ్యం లేదు. తనిఖీకి వచ్చే అధికారులు మరుగుదొడ్ల ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు, ల్యాబ్ తలుపు తీయించిన వాళ్లని నేను చూడలేదు.

దయచేసి ఆ వార్తకి సవరణ వేయండి. ఆ గది తాళం ఎవరి దగ్గరుందో మీ విలేకరి కనుక్కుంటే, లెన్సు నేనే వెళ్లి తుడిచి ఇస్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం