చార్టర్ స్కూళ్ల లెక్కలు సరిదిద్దినవారికి కృతజ్ఞతలు

అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో, కానీ స్వతంత్ర నిర్వహణలో నడిచే చార్టర్ స్కూళ్లలో చదివిన పిల్లలు తర్వాత ఏమయ్యారన్న మా తెలుగు వ్యాసం చిత్తుప్రతిని ఓపిగ్గా చదివి, మొహమాటం లేకుండా ఎర్ర సిరాతో నింపి పంపిన అందరికీ మా బృందం తరఫున ధన్యవాదాలు.

ముందుగా స్టాటిస్టిక్స్ చెప్పే మేడమ్‌గారికి. న్యూయార్క్ హార్లెమ్‌లోని ప్రామిస్ అకాడమీ అనే చార్టర్ స్కూలు ఫలితాలను మేం "అక్కడ చదివినవారికీ చదవనివారికీ తేడా" అని రాశాం. అది తప్పు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఆ స్కూలును పరిశీలించిన ఆర్థికవేత్తలు డాబీ, ఫ్రయర్ పోల్చింది లాటరీలో పేరొచ్చినవారిని, రానివారిని. పేరొచ్చి కూడా చేరనివాళ్లు గెలిచినవాళ్ల లెక్కలోనే ఉంటారు. వాళ్లను తీసేస్తే పట్టుదలగల ఇళ్ల పిల్లలే మిగిలి, స్కూలు ఘనత ఉన్నదానికన్నా పెద్దగా కనిపించే ప్రమాదం ఉంది. లాటరీ అయిన ఆరేళ్లకు చూస్తే, సీటొచ్చినవారిలో కాలేజీలో చేరినవారు 14.1 శాతం పాయింట్లు ఎక్కువ. అమ్మాయిల్లో టీనేజీ గర్భాలు 12.1 పాయింట్లు, అబ్బాయిల్లో జైలుపాలవడం 4.3 పాయింట్లు తక్కువ. ఆరోగ్యం సంగతి అడిగితే మాత్రం పెద్ద తేడా లేదు.

'పాయింట్లు' వదిలేసి వట్టి 'శాతం' అని రాసిందీ మేమే. ఉదాహరణకు 40 శాతం 54కి పెరిగితే పెరుగుదల 14 పాయింట్లు, కానీ 35 శాతం. అచ్చుకెక్కకముందే పట్టుకున్నవారికి రుణపడి ఉన్నాం.

"మార్కులు పెరిగితే జీతమూ పెరిగినట్టే" అన్న వాక్యాన్ని కొట్టేయించిన మిత్రులకూ నమస్కారాలు. టెక్సాస్ చార్టర్ స్కూళ్ల మీద డాబీ, ఫ్రయరే చేసిన 2016 పరిశీలనలో, కఠిన క్రమశిక్షణ గల 'నో ఎక్స్‌క్యూజెస్' స్కూళ్లు మార్కుల్నీ నాలుగేళ్ల కాలేజీ చేరికల్నీ పెంచాయి. సంపాదనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిగతా చార్టర్ స్కూళ్లలో సంపాదన తగ్గింది కూడా.

కిప్ అనే చార్టర్ స్కూళ్ల గొలుసు మీది పేరా తిరగరాయించింది ఇంకొకరు. మ్యాథమెటికా అనే పరిశోధన సంస్థ 2023 నివేదికలో మిడిల్, హైస్కూల్ రెండూ కిప్‌లోనే చదివినవారికి నాలుగేళ్ల కాలేజీ చేరిక 31 పాయింట్లు, డిగ్రీ పూర్తి 19 పాయింట్లు పెరిగాయి. మిడిల్‌తో ఆగినవారిలో ఆ స్థాయి ఫలితం లేదు. మేం రెండు గుంపుల్నీ కలిపేశాం.

చివరగా, గురుకులాలతో పోలిక తీసేయమన్న మాస్టారుగారికి. 1971లో ఇప్పటి తెలంగాణలోని సర్వేల్‌తో మొదలైన మన గురుకులాల్లో సీటు ఎక్కువగా ప్రవేశపరీక్షతోనే దక్కుతూ వచ్చింది. పరీక్షలో నెగ్గినవారు ముందునుంచే చురుకైనవారు కావచ్చు. ఆ పేరా తీసేశాం.