అమ్మ కోసం వచ్చిన మీ అందరికీ వందనాలు

మా అమ్మ ప్రభువునందు నిద్రించి ఈ ఆదివారానికి నలభై రోజులు. అమ్మ జ్ఞాపకార్థం పెట్టుకున్న ఆదరణ కూడిక రోజు మైకు ముందు నిలబడి అందరికీ థ్యాంక్స్ చెప్పాలనుకున్నాను. రెండు మాటలకే గొంతు పట్టేసింది. పాస్టర్ అయ్యగారు లేచి ప్రార్థనతో ముగించారు. అప్పుడు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి అమ్మ అంటే ఆ పిడికెడు బియ్యం డబ్బానే గుర్తొస్తుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన వేయడం, నెలకోసారి చర్చిలోని ఆడవాళ్ల బృందం స్త్రీల మైత్రికి అప్పగించడం మన క్రైస్తవ సంఘాల్లో పాత అలవాటే. అమ్మ దాన్ని మొండిగా పాటించేది. నాన్నకు పని పోయిన ఏడాది రాత్రి పూట మాకే అన్నం చాలేది కాదు, అయినా డబ్బాలో పిడికెడు పడాల్సిందే. నాకప్పుడు పన్నెండేళ్లు. కోపమొచ్చి డబ్బా దాచేశాను. అమ్మ తిట్టలేదు. ఆ పూట బియ్యం కొంగున కట్టుకుంది. ఆ కోపం నాకు చాలా ఏళ్లు పోలేదు, ఇప్పుడైనా పూర్తిగా పోయిందో లేదో.

ఎందుకమ్మా అంటే మెదక్ చర్చి చూపించేది. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర జనానికి పని చూపించి తిండి పెట్టి కట్టించిన గుడి అది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అక్కడ మట్టి తట్టలు మోసినవాళ్లలో అమ్మ వాళ్ల అమ్మమ్మ ఒకతె. "ఆ గింజలు తిని బతికినోళ్లం బిడ్డా, బాకీ ఉన్నది" అనేది. క్రిస్మస్‌కు అన్ని మతాలవాళ్లూ ఆ గోపురం చూడ్డానికి వస్తారు కదా, తెల్లవారుజాము ఆరాధన అవగానే అమ్మ బయట నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడేది. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం ఒకటే తొందర పెట్టేది: పొద్దు గూకితే లోపలి నుంచి రంగుటద్దాల కిటికీల్లో బొమ్మలు కనబడవు, ముందు అవి చూసి రండి అని.

కిడ్నీలు పాడయ్యాక పదకొండు నెలలు, వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లారి ఐదింటికే ఆటో తెచ్చి, ఇంటి ముందు హారన్ కూడా కొట్టకుండా కూర్చున్న అన్నకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. డీజిల్ డబ్బులు కూడా బలవంతంగా జేబులో పెట్టాల్సి వచ్చేది. పక్కింటి ఖాలా రంజాన్ నెలంతా ఉపవాసం ఉండి కూడా అమ్మకు విడిగా కూర వండి పంపింది. రోజాలో రుచి ఎలా చూస్తున్నావంటే, "ఉప్పే లేని కూరకు రుచి చూసేదేముంది" అని నవ్వేది. రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు పేర్లు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. ఇది చదివితే ఒకసారి ఫోన్ చేయండి తమ్ముడూ.

ఒక రాత్రి సిటీలో ఒక ఆసుపత్రి, అడ్వాన్స్ కడితేనే లోపలికి అంది. ఆ టెన్షన్‌లో నేను మైత్రి అక్క ఒకామెకు ఫోన్ చేశాను. అరగంటలో ఫోన్‌కు డబ్బులు రావడం మొదలైంది: ఐదొందలు, రెండొందలు, ఒకరు యాభై. యాభై పంపినామె కూలికి వెళ్తుందని నాకు తెలుసు.

కూడిక భోజనాలకు బియ్యం కొందామని బయల్దేరితే మైత్రి అక్కలు ఆపేశారు. ఇంటింటి డబ్బాలు తెచ్చి మా వాకిట్లో గుమ్మరించారు. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి అన్నీ కలిసిపోయాయి. అన్నం ఒకచోట మెత్తగా, ఒకచోట పలుకుగా ఉడికింది. వంట మాస్టర్ తల పట్టుకున్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

అమ్మ డబ్బాలో సగానికి పైగా బియ్యం మిగిలాయి. పోయిన ఆదివారం నా భార్య వాటిని గుడిలో అప్పగించి వచ్చింది. ఖాళీ డబ్బా మళ్లీ పొయ్యి పక్కనే పెట్టింది, నేనేం అడగలేదు.

ఇంకొక మాట. ఆ రోజు వచ్చిన గిన్నెల్లో రెండు స్టీలు టిఫిన్లు, ఒక పెద్ద గంటె మా ఇంట్లోనే ఉండిపోయాయి. మూతల మీద చెక్కిన పేర్లు అరిగిపోయాయి, చదవరావడం లేదు. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి. వచ్చినప్పుడు చాయ్ తాగి వెళ్లాలి.