మన సంఘం వార్షిక నివేదిక: పుల్లలు, వాల్ ట్యూబులు, సరుగుడు కర్రల గుమ్మటం

సభ్యులందరికీ నమస్కారం.

సభకి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలి కాబట్టి రాస్తున్నాను. నిజానికి ఈ ఏడాది ఎవరూ అడక్కపోయినా రాసేవాడిని, అంత పని జరిగింది. నోటుపుస్తకాల పంపిణీ, టెన్త్ పిల్లల సాయంత్రం చదువులు, వేసవిలో చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి, వాటిలో చెయ్యేసిన అందరికీ ధన్యవాదాలు. పుల్లలూ ట్యూబు ముక్కలతో బడిపిల్లల చేత ఆకారాలు కట్టిస్తూ జామెట్రీ నేర్పే పని గురించి మాత్రం వివరంగా చెప్తాను. సభ్యుల్లో చాలామందికి అదేంటో ఇప్పటికీ సరిగ్గా తెలీదు, కొందరు పుల్లలాట అనుకుంటున్నారు, అది నాకు బాధగా ఉంది.

పోయిన సభలో మన లెక్కల మాస్టారు చెప్పింది గుర్తుండే ఉంటుంది. కావలి చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళినా తొమ్మిదో తరగతి పిల్లలు త్రిభుజాల సిద్ధాంతాలు పొల్లు పోకుండా అప్పజెప్తారు, అదే బొమ్మని కాస్త పక్కకి తిప్పి గీస్తే ఏ భుజం ఏదో చెప్పలేరు. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి గీస్తే "అది చతురస్రం కాదు సార్, డైమండు" అంటారు. ఇది మన పిల్లల మొద్దుతనం కాదు. నెదర్లాండ్స్‌లో వాన్ హీలే దంపతులు 1957లోనే దీని మీద పరిశోధన చేసి చెప్పారు: పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూసి పోల్చుకుంటారు, భుజాలూ కోణాలూ విడదీసి చూడటం ఆ తర్వాతి మెట్టు, ఆ మెట్టు ఎక్కకుండా నిరూపణలు చెప్తే బుర్రకెక్కవు. ఆ మెట్టు ఎక్కాలంటే పిల్లలు తమ చేత్తో కట్టాలి, విప్పాలి, మళ్ళీ కట్టాలి.

ఇలా చేత్తో కట్టడానికి కిట్లు అనగానే షాపులో దొరికే సెట్లు గుర్తొస్తాయి. చిల్లులున్న ఇనప పట్టీలు, నట్లు, బోల్టులతో వంతెనలూ క్రేన్లూ కట్టుకునే మెకానో సెట్టుకి లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లోనే పేటెంటు తీసుకున్నాడు. మంచి వస్తువే, కానీ ఒక తరగతికి సరిపడా కొనే శక్తి మనకి లేదు. ఉన్నా కొనకూడదనే నా అభిప్రాయం. మేం వెళ్ళిన ఒక బడిలో లెక్కల కిట్టు బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంది. ఒక్క ముక్క పోతే స్టాకు రిజిస్టరులో ఏం రాయాలి, పైవాళ్ళకి ఎవరు జవాబు చెప్పాలి అని అక్కడి వాళ్ళ భయం. విరిగినా, పోయినా ఎవరికీ టెన్షన్ లేని వస్తువే పిల్లల చేతికి వస్తుంది.

అందుకే అరవింద్ గుప్తా గారి దారి పట్టాం. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఆయన 1970ల్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ బళ్ళ సైన్సు కార్యక్రమంలో పనిచేస్తూ సైకిలు వాల్ ట్యూబు (గాలి కొట్టే వాల్వుకి తొడిగే సన్నటి రబ్బరు గొట్టం) ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి ఆకారాలు కట్టించారు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. వాల్ ట్యూబుని ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోస్తే రెండు పుల్లలు కలిపే జాయింటు అవుతుంది. ముక్క నడుముకి చిల్లు పెట్టి ఇంకో పుల్ల దూరిస్తే మూడింటి జాయింటు. నాలుగు, ఐదు, ఆరు పుల్లలకైతే ముక్కల్ని ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని గుచ్చి లాగాలి, అది చేతికి పట్టుబడటానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. చిల్లుకి సూదులు వాడితే పోతున్నాయని తుమ్మముళ్ళు తెచ్చాం, మన వైపు వాటికి కరువు లేదు. పుల్లల మందు ముందే గీకేసి ఇచ్చాం. పెద్ద ఆకారాలకి కొబ్బరి చీపురు పుల్లలు.

మొదటి పాఠం అన్ని బళ్ళలోనూ ఒకటే. మూడు పుల్లలతో ఒకటి, నాలుగు పుల్లలతో ఒకటి కట్టి, రెండింటినీ వేళ్ళతో నొక్కి చూడమంటాం. నాలుగు పుల్లలది పక్కకి ఒరిగిపోతుంది, మూడు పుల్లలది ఒరగదు. ఎందుకో మేం చెప్పం. మూడు పొడవులు ఖాయమైతే కోణాలు కూడా ఖాయమే, పుస్తకంలో భు-భు-భు (భుజం-భుజం-భుజం) నియమం అని ఉన్నది ఇదే, కానీ ఆ పేరు పాఠం చివర్లో చెప్తే చాలు, అప్పటికి పిల్లలకి విషయం వేళ్ళలో ఉంటుంది.

జువ్వలదిన్నె వైపు ఒక తీరం ఊరి బళ్ళో ఏడో తరగతి పిల్లాడు నాలుగు పుల్లల్ని ఒరగనిచ్చి, మళ్ళీ లేపి, "ఇది వల కన్ను సార్" అన్నాడు. లాగితే కన్ను మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది, దారం పొడవు మారదు గానీ లోపల జాగా మారుతుంది, అందుకే ఒకసారి చేప దూరుతుంది ఒకసారి దూరదు అని చెప్పుకుపోయాడు. చుట్టుకొలత ఒకటే ఉన్నా వైశాల్యం మారొచ్చని నేను బోర్డు మీద అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేను. ఇంకో ఊళ్ళో ఒకమ్మాయి, వాళ్ళ నులక మంచం వంకర పోతే తాత ఎదురెదురు మూలల్ని తాడుతో లాగి కట్టేవాడని చెప్పింది. కర్ణం ఎందుకు అనే ప్రశ్నకి ఆ రోజు వేరే జవాబు అవసరం పడలేదు.

జలదంకి మండలంలో ఒక బళ్ళో వాల్ ట్యూబు మధ్యలో అయిపోయింది. అప్పుడు వంట చేసే అక్క రాత్రి నానబెట్టిన శనగలు ఒక గిన్నెడు ఇచ్చింది, పుల్లలు శనగల్లో గుచ్చి కట్టారు పిల్లలు. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన జర్మనీ ఫ్రోబెల్ కూడా నానిన బఠానీలూ పుల్లలతోనే ఇలా చేయించేవాడని మన మాస్టారు తర్వాత చెప్పారు. శనగలు ఎండేకొద్దీ పుల్లని బిగించి పట్టుకుంటాయి, ఆ బొమ్మలు ఇంకా ఆ బడి కిటికీలో ఉన్నాయి. ఆ అక్కకి మన సంఘం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

ఇంకొక ధన్యవాదం ఒక పిల్లాడి నాన్నకి. ఆయన తాపీ మేస్త్రీ, ఒక పూట కూలి వదులుకుని వచ్చాడు. పునాదికి ముగ్గు పోసే ముందు ఒక వైపు మూడు అడుగులు, ఒక వైపు నాలుగు అడుగులు గుర్తు పెట్టి, వాటి మధ్య దూరం సరిగ్గా ఐదు అడుగులు వచ్చేదాకా దారం జరిపి మూల సరిచూసుకోవడం గ్రౌండులో చేసి చూపించాడు. పైథాగరస్ సిద్ధాంతం రాయడమే తెలిసిన పదో తరగతి పిల్లలు ఆయన చుట్టూ చేరి, ఆరు, ఎనిమిది, పది పెడితే కూడా వస్తుందా అని దారం లాక్కుని కొలిచి చూశారు. వచ్చింది.

ఇక డిసెంబరు 22. రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఈ ఏడాది మొత్తంలో నాకు ఎక్కువ గర్వంగా ఉన్నది ఆ రోజే. ఒక జడ్పీ హైస్కూలు గ్రౌండులో ఐదడుగుల సరుగుడు కర్రలు 25 తీసుకుని పిల్లలు గుమ్మటం కట్టారు. ఇరవై త్రిభుజాల ఘనాకారం ఉంటుంది కదా, దాని అడుగు మూలనీ ఆ మూలకి చేరే ఐదు కర్రల్నీ తీసేస్తే మిగిలేది అదే, కర్రలన్నీ ఒకే పొడవు కాబట్టి కోతలో తప్పు జరగదు. పైన ఒక మూల, మధ్యలో ఐదు, నేల మీద ఐదు. కర్రల చివర్లకి చిల్లులు వేసి బైండింగ్ వైరుతో బిగించి, పైన పాత బైకు ట్యూబులు చుట్టారు. ఎత్తు దాదాపు ఏడడుగులు వచ్చింది, ఎనిమిదో తరగతి పిల్లలు లోపల నిలబడ్డారు.

పక్కకి జరుపుదామని ఎత్తినప్పుడు అడుగు భాగం మెలికలు తిరిగింది. కట్టడం తప్పు అయిందని అందరం కంగారు పడ్డాం. దించి ఐదు మూలల దగ్గర మేకులు కొట్టాక బిగుసుకుంది, పీఈటీ సారు పైన ఒక ముడి పట్టుకుని వేలాడినా చలించలేదు. అప్పుడు ఒక అమ్మాయి పుస్తకంలో ఉన్న ఆయిలర్ సూత్రం సరిచూద్దామని చాక్‌పీసుతో లెక్క రాసింది. శీర్షాలు 11, అంచులు 25, త్రిభుజాలు 15. ముఖాలూ శీర్షాలూ కలిపితే అంచుల కంటే రెండు ఎక్కువ రావాలి, తనకి ఒకటే ఎక్కువ వచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టింది. కాసేపు గుమ్మటం లోపలికి వెళ్ళి నిలబడి, "సార్, నేల కూడా ఒక ముఖమే, నేను దాని మీదే నిలబడి ఉన్నా" అంది. ఆ నేల ముఖమొక్కటే త్రిభుజం కాదు, ఐదు భుజాలది, అందుకే ఎత్తినప్పుడు అక్కడే మెలిక పడింది, రెండు అడ్డకర్రలు వేసి దాన్నీ త్రిభుజాలు చేస్తే మేకులు లేకుండానే నిలుస్తుంది. ఈ మాట కూడా పిల్లలే పట్టుకున్నారు. నేను అక్కడ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ఇరవై ఏళ్ళ సంఘం పనిలో ఇంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

కర్రలు సగం ధరకి ఇచ్చిన తోట రైతుకి, వాల్ ట్యూబు చుట్టలు డబ్బు తీసుకోకుండా ఇచ్చిన సైకిలు షాపు అన్నకి, చిల్లులు వేసిపెట్టిన వడ్రంగి మామకి, ప్రతి శనివారం టీ పంపిన మన ఉపాధ్యక్షుల ఇంటివారికి, గ్రౌండు ఇచ్చిన హెచ్ఎం గారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

కొన్ని మాటలు మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. జూన్‌లో గ్రూపులో చాలామంది "నేను వస్తా" అని పేర్లిచ్చారు. దసరా తర్వాత శనివారాల్లో బళ్ళకి వెళ్ళింది నలుగురమే, అందులో ఇద్దరికి డెబ్బై దాటింది. ఈ పని సామాను పంపితే అయ్యేది కాదు, ఆరుగురు పిల్లలకి ఒక పెద్ద మనిషి పక్కన కూర్చోవాలి, వాళ్ళు తప్పు కట్టినప్పుడు నోరు మూసుకుని చూడాలి. మనుషులు లేక రెండు బళ్ళకి మాటిచ్చి వెళ్ళలేకపోయాం, ఆ పిల్లలు వరండాలో ఎదురుచూశారని తర్వాత తెలిసింది. అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే సంగతి. ఆగస్టులో ఇచ్చిన దరఖాస్తుకి నవంబరు దాకా జవాబు లేదు, డిసెంబరు 22కి పిలిచిన అధికారులు వస్తామని చెప్పి ఒక్కరూ రాలేదు. పిల్లలు పన్నెండింటి దాకా ఎండలో ఆగారు.

లెక్కలు కోశాధికారి గారు సభలో చదువుతారు. పెద్ద ఖర్చు కర్రలకీ ఆటో బాడుగకీ అయ్యింది, అప్పు లేదు, చందా బాకీలు ఉన్నవాళ్ళు సభ రోజే కట్టేయండి.

వచ్చే ఏడాది ఆరో తరగతి నుంచే మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఇంకో సంగతి, గుమ్మటం విప్పిన కర్రలు ఇంకా ఆ బడి వరండాలోనే ఉన్నాయి, వాన తగిలితే పాడైపోతాయి. ట్రాక్టరు ఉన్న సభ్యులెవరైనా ఈ ఆదివారం లోపు మన ఆఫీసుకి చేర్చగలిగితే గ్రూపులో చెప్పండి, ఎత్తడానికి నేను వస్తాను.

కార్యదర్శి