80 దగ్గర ఆగిన బ్యాటరీ: మా దుకాణం తరఫున ఒక సంజాయిషీ

పర్లాకిమిడి బజారులోని మా మొబైల్ రిపేరు దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. గడిచిన కొద్ది నెలలుగా మా దగ్గర బ్యాటరీ మార్పించుకున్న వారిలో కొందరు, కొత్త బ్యాటరీ వేయించినా ఛార్జింగ్ 80 శాతం దాటడం లేదని, మేము నాసిరకం సరుకు అంటగట్టామేమోనని అడుగుతున్నారు. సరుకులో లోపం లేదు, లోపం మాది. ఛార్జింగ్‌కు హద్దు పెట్టుకునే వీలున్న ప్రతి ఫోన్‌లోనూ, బ్యాటరీ మార్చి వెనక మూత అతికించిన తరువాత, మేమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ హద్దును 80 దగ్గర పెట్టి ఇస్తూ వచ్చాము. మేలు చేస్తున్నామనే అనుకున్నాము గాని, ఆ మాట మీ చెవిన వేయలేదు.

మొదట పట్టుకున్నది ఒక రిటైరైన మాస్టారు. నలుగురు గిరాకీలు నిలబడి ఉండగా ఫోన్ బల్ల మీద పెట్టి, "ఏం బాబూ, రెండు రాత్రుళ్లు కనిపెట్టి చూశాను, మేకు కొట్టినట్టు ఎనభై దగ్గరే ఆగిపోతోంది. పాతదే తుడిచి వేశావా?" అని అడిగారు. నేను సెట్టింగ్ తీసి, ఛార్జర్ పెట్టి, ఆయనకు టీ తెప్పించాను. గ్లాసు ఖాళీ అయ్యేలోపు అంకె 84కు చేరింది. ఆయన అది చూసి, "ఈ ముక్క ఆ రోజే చెప్పాలి కదా" అని మాత్రం అన్నారు. ఆ తరువాతి వారం ఆర్. ఉదయగిరి వైపు ట్రెక్కరు (జనాన్ని ఎక్కించుకునే జీపు) నడిపే ఒకతను వచ్చాడు. ఘాటీలో టవర్ సరిగా అందని చోట ఫోన్ సిగ్నల్ కోసం గట్టిగా వెతుక్కుంటూ ఛార్జింగ్ తొందరగా తాగేస్తుంది. పొద్దున 80తో బయలుదేరిన ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోతే, రావలసిన రెండు బాడుగలు పోయాయట. అతను గొడవ పడలేదు. పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇంతకీ ఆ హద్దు ఎందుకు పెట్టామో చెప్పాలి. ఇప్పటి ఫోన్లన్నింటిలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఛార్జ్ చేస్తున్నప్పుడు లిథియం ఒక వైపు నుంచి మరో వైపున ఉన్న గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి చేరుతుంది. అది నిండేకొద్దీ వోల్టేజి పెరుగుతూ, పూర్తిగా నిండేసరికి ఇప్పటి చాలా ఫోన్లలో దాదాపు 4.4 వోల్టులకు చేరుతుంది. ఆ ఎత్తులో ఎక్కువసేపు ఉంటే లోపలి ద్రవం నెమ్మదిగా విరిగి, పనికివచ్చే లిథియం కొద్దికొద్దిగా తరిగిపోతుంది. వేడి తోడైతే ఆ అరుగుదల ఇంకా వేగం అందుకుంటుంది. ఒక అరగంట నూరు చూపించినందువల్ల బ్యాటరీకి వచ్చే నష్టం లెక్కలోకి రాదు. రోజంతా ఛార్జర్‌కు తగిలించి నూరు మీదే కూర్చోబెట్టడం వల్ల వచ్చే నష్టం లెక్కలోకి వస్తుంది.

అయితే లాభం ఎంత? యాపిల్ సంస్థ చెప్పే ప్రకారం ఐఫోన్ 14 వరకు వచ్చిన ఫోన్ల బ్యాటరీలు 500 సైకిళ్ల (నూరు శాతం ఛార్జింగ్ మొత్తం వాడితే ఒక సైకిల్) తరువాత, 15 శ్రేణి నుంచి వచ్చినవి 1000 సైకిళ్ల తరువాత, అనుకూల పరిస్థితుల్లో మొదటి సామర్థ్యంలో 80 శాతాన్ని నిలుపుకునేలా తయారయ్యాయి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మకానికి వచ్చే కొత్త ఫోన్లకు కనీసం 800 సైకిళ్లు తట్టుకోవాలని షరతు పెట్టింది. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. రోజుకు ఒకటి చొప్పున వేసుకుంటే 1000 సైకిళ్లంటే రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు. అంటే అన్నాళ్లు వాడిన తరువాత రావలసిన 80ని, హద్దు పేరుతో మేము మీకు మొదటి రోజే చేతిలో పెట్టాము. హద్దు పెట్టిన బ్యాటరీ నిదానంగా అరుగుతుందన్నది నిజమే. కాని రోజంతా బయట తిరిగే మనిషికి, ఎప్పుడో పోబోయే ఐదో వంతును కాపాడడం కోసం ఇవాళే ఆ ఐదో వంతును వదులుకోమనడం గిట్టుబాటు బేరం కాదు. మా దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కు బ్యాటరీ మార్పు కూలీతో కలిపి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల్లో అయిపోతుంది. బ్యాటరీలు అమ్ముకునేవాడు చెబుతున్న మాట కాబట్టి, దీన్ని మీరు ఆ లెక్కలోనే తీసుకోండి.

హద్దు నిజంగా పనికివచ్చే వారు మన బజారులోనే చాలామంది ఉన్నారు. క్యూఆర్ డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడానికి గల్లా పెట్టె పక్కన ఒక ఫోన్ పెట్టి, పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదింటి వరకు ఛార్జర్ తీయని కిరాణా దుకాణాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఫోన్ మొన్న నా బల్ల మీదికి వచ్చినప్పుడు దాని వెనక మూత ఒక పక్క లేచి, లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. దాన్ని గుచ్చుకోకుండా ప్లాస్టిక్ రేకుతో జిగురు విడదీయడానికి నాకు అరగంట పట్టింది, ఆ అరగంటా పక్కన ఇసుక బకెట్టు పెట్టుకునే పని చేశాను. ఇటువంటి ఫోన్‌కు, ఇల్లు కదలని పెద్దవాళ్ల ఫోన్‌కు, గోడకు తగిలించి వాడే ట్యాబ్‌కు 80 హద్దు పెట్టుకోవడం మంచిదే. పగలు ఛార్జర్ దొరకని వారికి, కొండ ఊళ్లకు డ్యూటీ మీద వెళ్లేవారికి, ఆసుపత్రి పని మీద బరంపురం బస్సెక్కేవారికి అది వద్దు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఎవరికీ వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా మీద పడ్డాక కరెంటు లేక మనం పడిన పాట్లు, జనరేటరు ఉన్న చోట ఫోన్లు పట్టుకుని నిలబడిన వరసలు గుర్తున్నవారికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

హద్దు కంటే వేడి గురించి మేము ఎక్కువ చెప్పి ఉండవలసింది. ఐఫోన్‌ను 35 డిగ్రీలకు మించని చోట వాడాలని యాపిల్ చెబుతుంది. వైశాఖ మాసంలో మన రేకుల ఇళ్లలో అది పగటిపూట సాధ్యం కాదు. కనుక ఎండాకాలంలో ఫోన్‌ను రాత్రి చల్లబడ్డాక ఛార్జ్ చేయడం, మందపాటి కవరు తీసి పెట్టడం, తలగడ కింద పెట్టకపోవడం, బైకు హ్యాండిల్‌కు తగిలించి ఎండలో మ్యాపు చూస్తూ ఛార్జింగ్ పెట్టకపోవడం వంటివి చేస్తే, సామర్థ్యంలో ఏమీ వదులుకోకుండానే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. మా గోడ మీద "కొత్త బ్యాటరీని 8 గంటలు ఛార్జ్ చేయవలెను" అన్న పాత బోర్డు కూడా చాలాకాలం ఉంది. అది నికెల్ బ్యాటరీల నాటి సలహా. దానికి ఇప్పుడు అర్థం లేదు, తీసేశాము.

ఇకపై బ్యాటరీ మార్చినప్పుడు, ఫోన్ రోజంతా ఎక్కడ ఉంటుందని మిమ్మల్ని అడిగి, మీరు ఒప్పుకుంటేనే హద్దు పెడతాము. ఇదివరకు మేము పెట్టినది మీరే మార్చుకోవాలంటే, శామ్‌సంగ్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో బ్యాటరీ ప్రొటెక్షన్ అని ఉంటుంది. ఐఫోన్ 15, ఆ తరువాతి వాటిలో బ్యాటరీ కింద ఛార్జింగ్ అన్న చోట 80 నుంచి 100 వరకు ఐదేసి చొప్పున ఎంచుకోవచ్చు. హద్దు ఉన్నా ఐఫోన్ అప్పుడప్పుడు నూరు దాకా వెళ్తుంది. మిగిలిన ఛార్జింగ్‌ను సరిగా అంచనా వేసుకోవడానికి అది చేసుకునే పని అది, చెడిపోయిందని కంగారు పడవద్దు. మీకు దొరకకపోతే తీసుకు రండి, డబ్బు తీసుకోము, రసీదు కూడా అక్కర్లేదు.

ట్రెక్కరు అతని ఫోన్‌లో హద్దు తీసేసి, బండిలో పెట్టుకునే ఛార్జర్ ఒకటి మా ఖర్చుతో ఇచ్చాము. మాస్టారు మాత్రం విషయమంతా విన్నాక, తన ఫోన్ ఎలాగూ వీధి అరుగు దాటదని చెప్పి, దాన్ని తిరిగి 80కే పెట్టించుకుని వెళ్లారు.